అంటు కత్తికి రెండో పక్క

పోయిన నెల రెండు చీనీ, అదే బత్తాయి, మొక్కల కోసం రాజంపేట దారిలో ఉన్న ఒక నర్సరీకి వెళ్లాను. మా చర్చి ఆవరణలో ఖాళీగా పడి ఉన్న మూలలో నాటాలని సంఘంలో ఆడవాళ్లం అనుకున్నాం. మొక్కలు తెచ్చే పని రిటైరైన టీచరమ్మనని నా నెత్తిన పడింది. రిటైరైనవాళ్లకు వేరే పనేమీ ఉండదని లోకానికి గట్టి నమ్మకం. నర్సరీలో ఆకుపచ్చ వల నీడన ఇరవై మందికి పైగా ఆడవాళ్లు వరుసగా కూర్చొని అంటు కడుతున్నారు. అందరి చేతుల్లోనూ పుస్తకాల కొట్లో దొరికే ప్లాస్టిక్ కట్టర్లు. పదును తగ్గగానే బ్లేడు చివర ఒక ముక్క పటుక్కున విరిచి డబ్బాలో పడేసి, కొత్త అంచుతో మళ్లీ మొదలుపెడుతున్నారు. వాళ్ల మేస్త్రి కూడా ఆడమనిషే, రమణమ్మ అట. ముప్పై అయిదేళ్లకు మించి ఉండవు. చూస్తూ నిలబడితే నాకు చేతులు ఊరుకోలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి మా నాయన మడత కత్తి తీసి, విప్పి ఆమెకు చూపించాను.

"ఏందవ్వా, ఈ వయసులో బ్యాగులో కత్తి పెట్టుకొని తిరుగుతాండావు! యాడికన్నా గలాటాకు పోతాండావా?" అంది. వరుసంతా నవ్వింది.

"కడపదాన్ని గదమ్మా, ఉత్త చేతుల్తో తిరిగితే ఊరి పరువు పోతాది," అన్నాను.

రమణమ్మ ఆ కత్తితో ఒక కొమ్మ మీది కన్ను, అంటే చిగురేసే మొగ్గ, కోసి చూసింది. "నున్నగా వచ్చె అవ్వా, మా కట్టర్లతో ఇట్ల రాదు," అని మెచ్చుకుంటూ, కత్తి అలుగును అటూ ఇటూ తిప్పి ఒకచోట ఆగింది. "ఈ పక్క చూడు, సన్నంగా నూరిన గీతలుండాయి. అంటు కత్తిని రెండు పక్కలా నూరకూడదు గదా. ఎవురో తెలీనోళ్లు నూరినట్టుండారు."

"ఔ, తెలీనోళ్లే," అని కత్తి మడిచి బ్యాగులో వేసుకొని, మొక్కలు ఆటోలో పెట్టించుకొని వచ్చేశాను. దారి పొడుగునా మా నాయనే గుర్తొచ్చాడు.

మా నాయన దానియేలు నర్సరీలో అంటు కట్టేవాడు. జంబేరి అనే నిమ్మ జాతి నారు మొక్క కాండం మీద బెరడును కొంచెం చీల్చి, దాని సందులోకి మంచి చీనీ చెట్టు నుంచి కోసి తెచ్చిన కన్నును దోపి, తడిపిన అరటి నారతో చుట్టి కట్టడం ఆయన పని. కింద వేరు జంబేరిది, పైన కాయ చీనీది. చెప్పడానికి ఇంతే గానీ, ఆ కన్నును కోసే కోత ఒక్క ఊపులో పడాలి, అద్దంలా చదునుగా ఉండాలి. కోత గుంటపడితే కన్నుకూ కాండానికీ నడుమ గాలి చేరుతుంది, కన్ను నల్లబడి చచ్చిపోతుంది. ఆయన దగ్గరికి వెళ్తే ఎప్పుడూ చీనీ ఆకు నలిపిన వాసన వచ్చేది. చర్చికి వేసుకొనే తెల్ల చొక్కాలో నుంచి కూడా అదే వాసన. ఎడమ ముంజేతి మీద మాత్రం ఒక్క వెంట్రుక ఉండేది కాదు. కత్తి నూరినప్పుడల్లా పదును చూసుకోవడానికి అక్కడే గీసుకొనేవాడు మరి.

మా ఇంట్లో మడత కత్తులు ఏడు ఉండేవి. "మా ఇంటాయనకు కత్తులు ఏడు, చొక్కాలు రెండు," అని అమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది. పెన్సిలు చెక్కే చిన్నది ఒకటి, పండ్లు కోసేది ఒకటి, పురికొసలు తెంపేది ఒకటి, ఎవరో మిలిటరీ నుంచి తెచ్చి ఇచ్చిన డబ్బా మూతలు తీసేది ఒకటి. ఉత్తగా చూసుకొని మురవడానికే ఉంచుకున్నవీ ఉండేవి. కొన్న కత్తిని కొన్నట్టు ఉంచడం ఆయనకు చేతకాదు. ప్లాస్టిక్ పిడి అయితే రివిట్లు ఊడదీసి పారేసి, ఎనుము కొమ్మును వేడినీళ్లలో మెత్తబరిచి, రెండు బద్దలుగా కోసి, ఇత్తడి మేకులతో బిగించేవాడు. కొమ్మును ఆకురాయితో అరగదీస్తుంటే కాలిన వెంట్రుకల కంపు ఇల్లంతా నిండేది. "ఈ కంపు ఇంట్లో యాలప్పా, బయటికి పో," అని అమ్మ తరిమితే, పీట చంకన పెట్టుకొని చింతచెట్టు కిందికి పోయేవాడు. అక్కడ గాజు పెంకుతో గీకి, ఇటుకపొడితో తోమి, నూనె చేత్తో పామి, ఆ పిడి నల్లగా నిగనిగలాడేదాకా లేచేవాడు కాదు.

ఆ ఏడింటిలో అంటు కత్తి ఒక్కటే. రాయచోటిలో హుసేన్ సాబు అనే కమ్మరి లారీ కమాను పట్టీ నుంచి సాగదీసి చేసిచ్చినది. మిగతావాటిని నేను ముట్టుకున్నా ఏమనేవాడు కాదు గానీ, దీన్ని మాత్రం పని మీద తప్ప దేనికీ వాడనిచ్చేవాడు కాదు. శనివారం పొద్దున నూరేవాడు, సాయంత్రం నేను నూనె పెట్టాలి. కుట్టుమిషన్ నూనె, మడత దగ్గర ఒక్క చుక్క, అంతే. ఆముదం వేస్తే బంక పడుతుందని, కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుందని అనేవాడు. చుక్క వేసి పదిసార్లు తెరిచి మూసి, పైకి ఊరిన మురికిని పాత పంచె పేలికతో తుడిచి, కత్తి మూసేటప్పుడు టక్ అనే చప్పుడు వినాలి. ఆ చప్పుడు మొద్దుగా వస్తే లోపల ఇసుక ఉన్నట్టు. అదయ్యాక ఏడు కత్తులూ డబ్బాలోకి వెళ్లేవి, ఇక సోమవారం దాకా మూత తీయకూడదు. ఆదివారం దేవుని దినం, కత్తికీ సెలవే అనేవాడు నాయన. అమ్మ కత్తిపీటకు మాత్రం ఆ నియమం వర్తించేది కాదు, వర్తిస్తే ఆదివారం కోడికూర ఎట్లా దొరుకుతుంది?

నాకు పన్నెండేళ్లప్పుడు నర్సరీ పాత మేస్త్రి పని మానుకున్నాడు. ఆ స్థానం నాయనదేనని అందరూ అనుకున్నారు. మేస్త్రికి నర్సరీలోనే రెండు గదుల ఇల్లు, ఇంటి ముందరే నీళ్ల కొళాయి. మేము ఉండే బండల మిద్దె వానకు కారేది, ఎండకు కాలేది, నీళ్లకు అమ్మ రెండు పొలాలు దాటి పోవాలి. ఆ కొళాయి పక్కన ఏ మొక్క నాటాలో కూడా అమ్మ అప్పుడే ఆలోచించి పెట్టుకుంది. అయితే నర్సరీ యజమానికి, అందరూ పెద్దాయన అనేవాళ్లు, కోడూరు నుంచి వెంకటయ్య అనే ఇంకొక మంచి పనివాడి గురించి ఎవరో చెప్పారు. పెద్దాయన అన్యాయస్తుడేమీ కాదు. ఇద్దరికీ పక్కపక్కనే చెరొక మడి ఇస్తాను, ఒకే రోజు అంటు కట్టండి, ఎవరి మడిలో ఎక్కువ కన్నులు పట్టి బతికితే వాళ్లే మేస్త్రి అన్నాడు. సోమవారం పని. శనివారం పొద్దున నాయన మామూలుకన్నా ఎక్కువసేపు కత్తి నూరి, నూనె పెట్టమని నాతో చెప్పి, కోత పండుగ గురించి మాట్లాడడానికి చర్చి పెద్దల కూటానికి వెళ్లాడు.

సాయంత్రం నూనె పెట్టబోతూ అంటు కత్తిని వెలుతురులో చూశాను. ఒక పక్క ఏటవాలుగా, కొత్తగా రాయి పట్టిన గీతలతో తళతళలాడుతోంది. రెండో పక్క చదునుగా, ఎక్కడా రాయి తగిలిన గుర్తే లేదు. అమ్మ కూరగాయల కత్తిని రెండు పక్కలా నూరడం రోజూ చూసేదాన్ని నేను. పాపం, నాయన పని తొందరలో రెండో పక్క మర్చిపోయాడనుకున్నాను. పిచ్చోడి చేతిలో రాయి అంటారే, ఆ పూట నూరుడు రాయి నా చేతికి వచ్చింది. నీళ్లు చిలకరించుకొని, ఆయన కూర్చున్నట్టే కూర్చొని, ఆయన పట్టినట్టే పట్టి, రెండో పక్కను కూడా ఏటవాలుగా నూరేశాను. నా ముంజేతి మీద గీసి చూసుకుంటే నూగు తెగింది. గర్వంతో గాల్లో తేలాను. నూనె చుక్క వేసి, తుడిచి, డబ్బాలో పెట్టేశాను. నాయన వచ్చాక చెబుదామనిపించింది గానీ, సోమవారం తెరిచి ఆయనే చూసి మెచ్చుకుంటే ఇంకా బాగుంటుందని నోరు నొక్కుకున్నాను. మరుసటి రోజు ఆదివారం. ఎవరూ డబ్బా మూత తీయలేదు.

దసరా సెలవులు కాబట్టి సోమవారం నారలు తడిపి అందించడానికి నేనూ వెళ్లాను. పెద్దాయన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నాయన కత్తి తెరిచి మొదటి కన్ను కోశాడు. కోసినదాన్ని వేలి మీద పెట్టుకొని చూశాడు. అలుగును తిప్పి చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. నేను నవ్వాను, మెచ్చుకుంటాడని. ఆయన ఆ కన్నును కింద పడేసి ఇంకొకటి కోశాడు.

ఒకవైపే ఏటవాలు ఉన్న కత్తి కొమ్మ మీద చదునుగా ఆని నడుస్తుంది. రెండు వైపులా ఏటవాలు పడితే పైకి ఎక్కుతుంది, లోపలికి దిగుతుంది, కోత దోనె మాదిరి గుంటపడుతుంది. దాన్ని సరిచేయాలంటే ఆ పక్కనంతా మళ్లీ చదును పట్టాలి, అది ఒకపూట పని. పక్క మడిలో వెంకటయ్య కాసేపు ఓరగా చూసి, దగ్గరికి వచ్చాడు.

"దానియేలన్నా, నా దగ్గర ఇంగొగ కత్తి ఉండాది, తీస్కో."

"వద్దులే వెంకటయ్యా, చెయ్యి మారితే నాకు పని రాదు," అన్నాడు నాయన.

పొద్దు వాలేదాకా ఆ కత్తితోనే, మణికట్టును ఎన్ని రకాలుగానో వంచి, మడి మొత్తం కట్టాడు. ఇంటికి వచ్చాక మణికట్టు వాచి ఉంటే అమ్మ ఉప్పు కాపడం పెట్టింది. ఏమైందని అడిగితే, ఎక్కువ పని అయిందని చెప్పాడు.

మరుసటి శనివారం చింతచెట్టు కింద పీట వేసుకొని, "అమ్మీ, ఇట్ల రా," అని పిలిచాడు. నా ఎదుట అంటు కత్తి తెరిచి, రెండో పక్కను రాయి మీద పూర్తిగా పడుకోబెట్టాడు. "ఈ పక్క ఎప్పుడూ ఇట్లనే ఆనాల. వెన్ను పైకి లేయగూడదు. లేస్తే కోత గుంట పడతాది, కన్ను బతకదు. ఏటవాలు ఆ పక్క ఒగటే," అన్నాడు. నా చెయ్యి పట్టుకొని ఆ పక్కను చదును చేయించాడు, లోతుగా పడిన ఒకటి రెండు గీతలు మాత్రం పోలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

కన్ను కోసేటప్పుడు దాని పక్కన ఆకు కాడను చిన్న ముక్క వదులుతారు. రెండు మూడు వారాలకు ఆ కాడను ముట్టుకుంటే రాలిపోవాలి. రాలిందంటే కన్ను బతికినట్టు, ఎండి అతుక్కొని ఉందంటే చచ్చినట్టు. నేను రోజూ సాయంత్రం నాయన మడి దగ్గరికి వెళ్లి కాడలు చూసేదాన్ని. వెంకటయ్య మడిలో కాడలు పండి పసుపు పడుతున్నాయి, మా మడిలో నల్లబడి ముడుచుకుంటున్నాయి. రాలనివాటిని నేనే పీకేస్తే బతికినట్టు కనిపిస్తాయి కదా అని ఒకరోజు ఒక కాడను పట్టి లాగాను. కాడతో పాటు కన్నూ, బెరడూ కలిసి ఊడి వచ్చాయి. భయపడి దాన్ని గుప్పిట్లో దాచుకొని ఇంటికి పరుగెత్తాను. ఆ రాత్రి ప్రార్థనలో నేను దేవుణ్ణి ఏమడిగానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. వెంకటయ్య మొక్కలు కూడా చావాలని అడిగాను.

మూడు వారాలకు పెద్దాయన మడులు చూశాడు. నాయన మడిలో సగం కూడా పట్టలేదు. పెద్దాయనకే మనసొప్పలేదు.

"ఏం దానియేలూ, నీ చేతి పని ఇట్ల ఉండదే. కత్తేమన్నా తేడా జేసెనా?" అని అడిగాడు.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నాయన ఒక్క మాట చెబితే, పెద్దాయన ఇంకొక మడి ఇచ్చి ఉండేవాడు.

"ఆడలేక మద్దెల ఓడనేదెందుకప్పా. కత్తిదేమీ లేదు, నా చెయ్యే ఆడలేదు," అన్నాడు.

వెంకటయ్య మేస్త్రి అయ్యాడు. మంచివాడే, నాయనను చివరిదాకా అన్నా అనే పిలిచాడు. చచ్చిన కన్నులున్న మొక్కలన్నిటికీ నాయన ఆ సీజన్‌లోనే, తన తీరిక పూటల్లో, కొంచెం కింద మళ్లీ అంటు కట్టి బతికించి ఇచ్చాడు. అమ్మ ఇంకో ఎనిమిదేళ్లు రెండు పొలాలు దాటి నీళ్లు మోసింది. బిందె దించి నడుం పట్టుకొన్న ప్రతిసారీ నేను పుస్తకంలోకి తల దూర్చేదాన్ని. క్లాసులో ఫస్టు రావడానికి నా తెలివి ఎంత కారణమో, ఆ బిందె చప్పుడు అంత కారణం.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కర్నూలులో ఒక మంచి ఉక్కు మడత కత్తి కొని, చింత చేవతో పిడి నేనే మార్చి నాయనకు ఇచ్చాను. పెళ్లయినప్పుడు ఒకటి, బిడ్డలు పుట్టినప్పుడల్లా ఒకటి, ప్రమోషన్ వచ్చినప్పుడు ఒకటి. ఎగ్జిబిషన్‌లో కొన్నవి, ఎవరితోనో తెప్పించినవి, చివరి రెండూ మా అబ్బాయి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించినవి. అలా పదకొండు అయ్యాయి. ఇప్పుడు ఫోన్‌లో కత్తులు చూసి ముచ్చటపడే పిల్లలు ఇనుము ఏ జాతిదో గడగడా చెబుతారు, రాయి మీద మాత్రం ఒకసారి కూడా నూరి ఉండరు. వాళ్లను అని లాభం లేదు, పదును పోతే విరిచి పారేసే కాలం. ఆ నర్సరీలో అంతమంది ఆడవాళ్లు ఆ చేతిపనితో ఇల్లు నడుపుకుంటున్నారు, మేస్త్రి కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది. అప్పటికన్నా ఇప్పుడు నయమా అంటే ఆ ఒక్క విషయంలో ఎంతో నయం. నాయన మాత్రం నేనిచ్చిన ప్రతి కత్తినీ ఒకసారి తెరిచి, గోటి మీద పదును చూసి, మూసి, నాకే తిరిగి ఇచ్చి పెట్టెలో పెట్టించేవాడు. ఒక్కదానితోనూ ఒక పురికొస కూడా తెంపలేదు. నన్ను ఇంకా క్షమించలేదేమో అనుకొనేదాన్ని.

అమ్మ పోయాక నాయన కడపలో మా ఇంట్లోనే ఉన్నాడు. చివరి ఏడాది చూపు పూర్తిగా మందగించింది. ఒక మధ్యాహ్నం ఆయన మంచం పక్కన కూర్చొని కాళ్లకు నూనె రాస్తూ, ఏ ముందుమాటా లేకుండా అనేశాను.

"నాయనా, కోడూరాయనతో పోటీ పెట్టిన్యారే, అప్పుడు నీ కత్తి చెడగొట్టింది నేనే. రెండో పక్క గూడా నూరితి."

"తెలుసు గదమ్మా," అన్నాడు.

"నీకు కోపం రాలేదా?"

"వచ్చె. నా మీదనే వచ్చె. ఆ ముందర ఎండాకాలం, నూరేది నాకు నేర్పు నాయనా అని నువ్వు నా ఎనకాలే తిరిగితివే, మతికి లేదా? ఆడపిల్లకు ఇదంతా యాలని కసిరితి. పీట మీద కూసుంటే లేపి పంపిస్తి. ఏడ్చుకుంటా పోతివి. మగపిల్లోడు అడిగింటే నేర్పనా? నేర్పింటే నువ్వు ఆ పక్క రాయి పెడతావా?"

నాకు అది గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా ఆ పీట, ఆ ఏడుపు, ఏదీ గుర్తుకు రాలేదు. ఆయన మాత్రం నలభై ఏళ్లుగా దాన్ని మర్చిపోలేదు.

"మరి పెద్దాయన అడిగినప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పేది? నా కూతురు చెడగొట్టె అంటే అబద్ధం. నేనే చెడగొట్టుకుంటి అంటే ఎవురు నమ్మతారు?"

నేను ఇంకొంచెం నూనె చేతిలో పోసుకున్నాను. ఆయనే మళ్లీ అడిగాడు. "అయితే ఇన్ని కత్తులు అందుకా తెస్తివి?"

తల ఊపాను. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, "ఔను నాయనా," అన్నాను.

"అయ్యో పిచ్చిదానా. అడిగినప్పుడు నేర్పలేదని ఎత్తిపొడుస్తాండావనుకుంటి. నువ్వు ఒగొగ కత్తి తెచ్చినప్పుడల్లా నాకు తల తీసేసినట్టుండె."

నేను ఏడ్చాను. వయసు మళ్లినదాన్ని, మనవళ్లున్నదాన్ని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన తడుముకుంటూ నా తల మీద చెయ్యి వేశాడు. నా ఏడుపు తగ్గాక, పెట్టె తెమ్మన్నాడు, వంటింట్లో చీనీకాయలుంటే ఒకటి తెమ్మన్నాడు. పదకొండింటినీ వేళ్లతో తడిమి, కర్నూలులో కొన్నదాన్ని పట్టుకున్నాడు. కళ్లు కనబడకపోయినా ఒక్కచోట కూడా తెగకుండా, కాయ చుట్టూ తొక్కను ఒకే పట్టీగా ఒలిచి, సగం నా చేతిలో పెట్టాడు.

"ఇంత మంచి కత్తిని ఉత్తనే పెట్టెలో పెడితిమే," అన్నాడు.

ఇద్దరం తిన్నాం. కాయ పుల్లగా ఉంది. ఇంకొకటి తెమ్మన్నాడు.